మా ఊరి పిల్లలకు సైకాలజీ ల్యాబు తలుపు తీయండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి మండపేట నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,



డిగ్రీ చదివే పిల్లలు పది నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలన్న నియమం మన రాష్ట్రంలో 2020–21లో వచ్చింది. మొదటి ఏడు అయ్యాక వేసవిలో రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడు అయ్యాక మరో రెండు నెలలు ఇంటర్న్‌షిప్, ఆ పైన ఒక సెమిస్టరంతా పనిలోనే. తరవాత కోర్సుల రూపం మారుతూ వచ్చినా, వేసవి వస్తే ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలన్న సంగతి మాత్రం పిల్లలకూ తల్లిదండ్రులకూ అలవాటైపోయింది. చదువును గది బయటికి తెచ్చిన ఈ ఆలోచన మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఒక కోరిక మీ ముందు పెడుతున్నాను. ఆ వేసవి నెలల్లో కొన్నింటిని సైకాలజీ పరిశోధనశాలల్లో గడిపే అవకాశం మండపేట లాంటి ఊళ్ల పిల్లలకు కల్పించండి. అది వాళ్లకు ఎంత అవసరమో, ఆ శాస్త్రానికి వాళ్లు అంతకన్నా ఎక్కువ అవసరం. ఈ ఉత్తరం ఆ రెండో మాట మీకు నచ్చజెప్పడానికే.

నేను బీఎడ్ కాలేజీలో విద్యా మనోవిజ్ఞానశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉంటున్నది మండపేటలో. రైస్ మిల్లులు, కోళ్ల ఫారాలు, చుట్టూ వరిచేలు ఉన్న ఊరు. రైలెక్కాలంటే ద్వారపూడో రాజమండ్రో వెళ్లాలి. ఏ ఇంజనీరింగ్ కాలేజీలో ఏ బ్రాంచికి ఎంత ర్యాంకు రావాలో మా పిల్లలు పదో తరగతిలోనే చెప్పేస్తారు. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో కొలిచి చూసే చోటు ఒకటి ఉంటుందని, అక్కడ తమకూ పని దొరుకుతుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

అలాగని సైకాలజీ మాకు కొత్త కాదు. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో నూట యాభై మార్కులకు ముప్పై మార్కులు శిశు వికాసం, పెడగాజీవే. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టుల కోసం లక్షల మంది పోటీ పడ్డారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ, పియాజె దశలు వల్లె వేసినవాళ్లే. బిట్లు ఇస్తే రెప్పపాటులో జవాబు పెడతారు. పట్టాభిరాం గారి లాంటివాళ్లు హిప్నాటిజం ప్రదర్శనలతో, వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో సైకాలజీ అన్న పేరును ఇంటింటికీ చేర్చారు. ఇంత పరిచయం ఉన్నా, ఈ శాస్త్రంలో ఒక సంగతి నిజమని ఎలా తేలుస్తారో చూసినవాళ్లు మాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు.

పియాజె చెప్పిన పదిలపరచుకొనే భావననే తీసుకోండి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, పిల్లవాడి కళ్లముందే ఒక గ్లాసు నీళ్లను సన్నగా పొడుగ్గా ఉన్న మరో గ్లాసులోకి మార్చాలి. ఐదేళ్ల పిల్లవాడు పొడుగు గ్లాసులో నీళ్లు ఎక్కువున్నాయంటాడు. పైసా ఖర్చు లేని ప్రయోగం, ఏ వంటింట్లోనైనా చేయొచ్చు. నా తరగతుల్లో దాని మీద బిట్టు తప్పు పెట్టినవాళ్లు తక్కువ. ఇంట్లో తమ్ముడి మీదో మేనకోడలి మీదో చేసి చూశారా అని అడిగితే చేతులు లేచేవి కావు. ఆ పిల్లల్లో తెలివికి లోటు లేదు. ఈ శాస్త్రంలో తామూ ఒక చెయ్యి వేయొచ్చన్న సంగతే వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ల్యాబులో ఒక వేసవి గడిపితే ఏమవుతుందో మా వీధిలో ఒక అమ్మాయి వల్ల నాకు దగ్గరగా తెలిసింది. తండ్రి రైస్ మిల్లులో గుమస్తా. బీఏ రెండో ఏడు అయ్యాక ఒక విశ్వవిద్యాలయంలోని సైకాలజీ ల్యాబులో రెండు నెలలు పనిచేసి వచ్చింది. బాధలు చెప్పుకునేవాళ్లు వస్తారని, తను పక్కన కూర్చుని కౌన్సెలింగ్ నేర్చుకుంటుందని అనుకుని వెళ్లింది. అక్కడ చూసింది వేరు. ఒక గది, కొన్ని కంప్యూటర్లు, గోడకు నల్లటి తెర, బీరువాలో తాళం వేసిన ఫైళ్లు.

మొదటి వారమంతా చదవడమే. పాల్గొనేవాళ్ల హక్కులేమిటో చెప్పే పాఠం ముందు, ప్రయోగం తరవాత. వచ్చిన ప్రతి మనిషికీ ఈ పని దేనికో, ఎంతసేపు పడుతుందో, ఇష్టం లేకపోతే మధ్యలోనే లేచి వెళ్లిపోవచ్చని చెప్పి సంతకం తీసుకోవాలి. పేరు ఒక కాగితం మీద, జవాబులు ఇంకో కాగితం మీద. రెండింటినీ కలిపే కోడ్ తాళంలో. సూచనలు అందరికీ ఒకే మాటల్లో, ఒకే తీరులో చదవాలి. ఒకరికి నవ్వుతూ, ఇంకొకరికి విసుగ్గా చదివితే ఆ తేడా జవాబుల్లోకి ఎక్కుతుంది.

ఆ అమ్మాయి నడిపిన ప్రయోగాల్లో ఒకటి స్ట్రూప్ 1935లో ప్రచురించిన పద్ధతిది. ఎరుపు అన్న మాట నీలం రంగులో రాసి ఉంటుంది. మాటను వదిలి రంగు పేరు చెప్పాలి. చదవడం వచ్చిన ప్రతివాళ్లూ ఇక్కడ తడబడతారు. ఆ తడబాటు సెకనులో వెయ్యో వంతుల లెక్కన తెర మీద కనిపిస్తుంది. శ్రద్ధ అన్నది ఉపన్యాసంలో వినే మాటగా కాక కొలతకు దొరికే వస్తువుగా ఆ అమ్మాయికి అప్పుడు అర్థమైంది. తరవాత ఇంటర్వ్యూల రికార్డింగులు విని రాయడం, ఒకే రికార్డింగును ఇద్దరు విడివిడిగా వర్గీకరించి ఎక్కడ కలిశారో ఎక్కడ విడిపోయారో లెక్కేయడం, ఎక్కించిన అంకెలను ఇంకొకరి చేత మళ్లీ సరిచూయించడం. విసుగు పుట్టించే పనే. నిజం తేలేది మాత్రం ఆ విసుగు పనిలోనే.

ఆ వేసవిలో జరిగిన ఒక సంగతి నేను మరిచిపోలేను. ల్యాబు వాళ్లు నిద్ర గురించిన ప్రశ్నలతో మా వైపు ఒక ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఒక పెద్దావిడ ‘నాకు రాత్రి బాగా నిద్ర పడుతుంది’ అన్నదానికి ఔనంది. కాసేపటికి ‘నాకు రాత్రి సరిగా నిద్ర పట్టదు’ అన్నదానికీ ఔనంది. ఆ కాగితాన్ని పనికిరాని జాబితాలో వేయబోతుంటే మా వీధి అమ్మాయి ఆపింది. ఇంటికొచ్చిన ఆడపిల్ల కాగితం పట్టుకుని అడుగుతుంటే మా వైపు పెద్దవాళ్లు కాదని చెప్పరు, చెబితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని అనుకుంటారు, కాబట్టి ఔనా కాదా అని అడగకుండా నిన్న రాత్రి ఎప్పుడు పడుకున్నారో, ఎన్నిసార్లు లేచారో అడుగుదాం అంది. అడిగారు. ఆవిడ రాత్రి తీరంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అడిగినదానికల్లా ఔననే ఈ ధోరణిని శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే గుర్తించారు. వ్యతిరేకార్థంలో ఉండే ప్రశ్నలు జత చేయడం అందుకే. కానీ ఆ ధోరణి ఫలానా మనిషిలో ఫలానా చోట ఏ మర్యాద నుంచి వస్తుందో ఆ చోటి మనిషికే తెలుస్తుంది. గోదావరి జిల్లాలో పుట్టి పెరగడం ఆ పిల్లకు ఆ ల్యాబులో ఒక అర్హత అయింది.

ఇక్కడే నా ప్రధానమైన మాట చెప్పాలి, ఛైర్మన్ గారూ. మనుషులంతా ఇలా ఆలోచిస్తారు, ఇలా మరిచిపోతారు, ఇలా నిర్ణయిస్తారు అని సైకాలజీ పుస్తకాలు చెప్పే సంగతులు ఎవరిని చూసి చెప్పినవి? 2003 నుంచి 2007 దాకా అమెరికాలోని ప్రముఖ సైకాలజీ పత్రికల్లో వచ్చిన అధ్యయనాలను జెఫ్రీ ఆర్నెట్ అనే శాస్త్రవేత్త పరిశీలించి 2008లో లెక్క చెప్పాడు. పాల్గొన్నవాళ్లలో 68 శాతం అమెరికా వాళ్లే. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం. ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో 12 శాతం. 2010లో హెన్రిక్, హైనె, నోరెన్జయన్ అనే ముగ్గురు ఈ లెక్కను ముందుపెట్టి, మానవజాతి అంతటి గురించి మాట్లాడే ముందు మిగతా మానవజాతిని కూడా చూడాలని గట్టిగా వాదించారు. వాళ్లు అడిగిన ఆ మిగతా మానవజాతిలో మండపేట కలువపువ్వు సెంటర్లో సాయంత్రం నిలబడి టీ తాగే మనుషులూ ఉన్నారు.

విదేశాల సంగతి అలా ఉంచి మన దేశంలోనే చూడండి. నిమ్‌హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని మనం ఉపన్యాసాల్లో చెప్పే అంకె దానిలోనిదే. ఆ సర్వే జరిగింది పన్నెండు రాష్ట్రాల్లో. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గురించి మనం చెప్పుకుంటున్న అంకె మన దగ్గర తీసింది కాదు.

పరాయి పరీక్షలను తెచ్చి తెలుగులోకి దించుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. సరిపోదు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో అంకెలు వరసగా చెప్పి తిరిగి అప్పజెప్పమంటారు. ఎన్ని అంకెల దాకా నిలిస్తే అంత జ్ఞాపకం. బ్రిటన్‌లోని వేల్స్‌లో వెల్ష్ భాషలో ఈ పరీక్ష పెడితే పిల్లలకు స్కోరు తగ్గేది. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అనే ఇద్దరు దీనికి కారణం చూపించారు. వెల్ష్ అంకెలను పలకడానికి ఇంగ్లీషు అంకెల కన్నా ఎక్కువసేపు పడుతుంది, అందుకే అదే సమయంలో తక్కువ అంకెలు నిలుస్తాయి. ఇప్పుడు మన అంకెలు పలికి చూడండి. ఒకటి, నాలుగు, ఎనిమిది, తొమ్మిది. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క ఏడు తప్ప అన్నీ ఒకే ఊపులో పలికేవి. ఇంగ్లీషు పిల్లలకు కట్టిన ప్రమాణంతో మన పల్లెటూరి పిల్లవాణ్ణి తెలుగులో పరీక్షించి, వీడికి జ్ఞాపకశక్తి తక్కువ అని కాగితం మీద రాస్తే, ఆ రాత ఆ పిల్లవాడి బడి జీవితమంతా వెంటాడుతుంది. తెలుగు పిల్లలకు తెలుగులో ప్రమాణాలు కట్టాలంటే వందల మంది పిల్లలను ఓపిగ్గా కూర్చోబెట్టి పరీక్షించేవాళ్లు కావాలి. వేసవి ఇంటర్న్‌లు సరిగ్గా చేయగలిగిన పని అది.

మన నేల మీద జరిగిన పరిశోధన ప్రపంచం దృష్టిని తిప్పిన ఉదాహరణ మన ముందే ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమెతో పాటు ఉస్మానియా నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ మొదలైనవాళ్లు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మందికి ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో మతిమరుపు జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రకటించారు. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించడం అందరినీ ఆకట్టుకుంది. అంతకుముందు పాశ్చాత్య దేశాల్లో చేసిన ఇలాంటి అధ్యయనాల్లో రెండు భాషలవాళ్లు చాలామంది వలస వచ్చినవాళ్లే కావడంతో, ఈ లాభం భాషదా, వలసదా, చదువుదా అన్నది తేలేది కాదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడటం మామూలు. ఆ మామూలుతనమే ప్రశ్నను విడదీసి చూడటానికి వీలిచ్చింది. భాషలు మెదడుకు చేసే మేలు మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదంలో తెలుగు నేల మాట ఒకటి లెక్కలోకి వచ్చింది.

ఇక మా ప్రాంతం వైపు రండి. గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లలో చాలామంది బడి మెట్టు ఎక్కనివాళ్లు. అక్షరం రాకుండానే అరబ్బీ మాట్లాడటం నేర్చుకున్నారు. నిమ్స్ వాళ్లు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి కొనసాగింపు ఎక్కడ దొరుకుతుంది? నడివయసు దాటాక, బడి సాయం లేకుండా, పని ఒత్తిడిలో నేర్చుకున్న భాష మనసులో ఎలా నిలుస్తుంది? ఆ ఆడవాళ్ల అరుగు మీద కూర్చుని, వాళ్లు నమ్మి మాట్లాడేలా అడగగలిగేది మా ఊరి పిల్లే. తల్లి గల్ఫ్‌లో ఉండగా అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లల సంగతి వేరే ప్రశ్న. రాత్రి పాళీల్లో మిల్లు మోతలో పనిచేసేవాళ్ల నిద్ర ఇంకో ప్రశ్న.

జ్ఞాపకం గురించి ఇంకొకటి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను తుడిచిపెట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ రాత్రి ఎక్కడున్నారో, ఏ చెట్టు ముందు పడిందో మా తరం వాళ్లు ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు. ఇలాంటి జ్ఞాపకాల మీద ఒక పేరున్న అధ్యయనం ఉంది. 1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎలా విన్నారో విద్యార్థుల చేత రాయించారు. సుమారు రెండున్నర ఏళ్ల తరవాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. నైసర్, హార్ష్ 1992లో ప్రకటించిన ఫలితం ఇది. వాళ్లు అడిగింది దూరాన జరిగిన ప్రమాదం వార్త విన్నవాళ్లను. నడుంలోతు నీళ్లలో నిలబడి ఇంటి కప్పు ఎగిరిపోవడం చూసినవాళ్ల జ్ఞాపకం కూడా అలాగే మారుతుందా? కోనసీమ పెద్దలు ఉండగానే అడగాల్సిన ప్రశ్న ఇది.

పరిశోధన అంటే కొత్తది కనిపెట్టడమే అన్న భయం కూడా పిల్లలకు ఉండనక్కర్లేదు. ఒకరు చెప్పినదాన్ని మళ్లీ పరీక్షించి చూడటమూ పరిశోధనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు సైకాలజీ, పారాసైకాలజీ విభాగం నెలకొల్పారు. అతీంద్రియ శక్తుల మీద వాళ్లు చేసిన వాదాలను శాస్త్రలోకంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. 2011లో అమెరికాలో డారిల్ బెమ్ అలాంటి వాదమే చేస్తూ, భవిష్యత్తును ముందే పసిగట్టవచ్చంటూ పేరున్న పత్రికలో వ్యాసం వేసినప్పుడు, ఇది ఎలా అచ్చయిందన్న ప్రశ్న నుంచి సైకాలజీ అంతా తనను తాను తిరిగి చూసుకుంది. 2015లో వందల మంది శాస్త్రవేత్తలు కలిసి, అంతకుముందు అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేస్తే 36 శాతమే గణాంక పరీక్షకు నిలిచాయి. అప్పటి నుంచి పాత ప్రయోగాన్ని నిజాయితీగా తిరిగి చేయడం ఈ శాస్త్రంలో గౌరవమైన పని అయింది. అనేక దేశాల ల్యాబులు ఒకే ప్రయోగాన్ని ఒకేసారి చేసి ఫలితాలు కలుపుకుంటున్నాయి. డిగ్రీ విద్యార్థికి ఇంతకన్నా తగిన పని లేదు.

మరి ఇప్పుడు ఏం జరుగుతోంది? సైకాలజీ ల్యాబులో వేసవి ఇంటర్న్‌షిప్ కావాలంటే ప్రొఫెసర్లకు మంచి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి. ఎవరికి రాయాలో తెలియాలి. జవాబు వస్తే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రెండు నెలలు సొంత ఖర్చుతో ఉండాలి. ఆడపిల్లయితే ఉండే చోటు గురించి ఇంట్లో పదిసార్లు ఆలోచిస్తారు. ఈ మెట్లన్నీ ఎక్కగలిగేది పట్నంలో చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలే. మిగిలినవాళ్ల కోసం ఒక బజారు తయారైంది. డబ్బు కడితే నాలుగు వీడియోలు చూపించి, కౌన్సెలింగ్ సైకాలజీ ఇంటర్న్‌షిప్ పూర్తి చేశారని రంగుల సర్టిఫికెట్ పంపిస్తారు. డబ్బు కట్టిన పిల్ల ఒక్క మనిషినీ కలవదు, ఒక్క అంకె రాయదు.

సామాజిక సేవా ప్రాజెక్టు పేరుతో మన పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్క వేసవిలో రాష్ట్రమంతటా అలా తలుపు తట్టే యువత ఎంతమందో ఊహించండి. ఏ విశ్వవిద్యాలయ విభాగానికీ అంత సైన్యం లేదు. కానీ ప్రశ్నలు పరీక్షించినవి కావు, అడిగే పద్ధతి నేర్పలేదు, వచ్చిన జవాబులు స్పైరల్ బైండింగ్‌లో బీరువా చేరుతున్నాయి. వాళ్ల చెప్పులు అరిగిన శ్రమను విజ్ఞానంగా మార్చడానికి కొత్త పథకం అక్కర్లేదు. ఉన్నదానికి శిక్షణ, పర్యవేక్షణ జత చేస్తే చాలు.

ఒక హెచ్చరిక కూడా నేనే చెప్పాలి. పరిశోధన ఇంటర్న్ కౌన్సెలర్ కాదు. రెండు నెలలు ల్యాబులో ఉన్న పిల్ల ఊరికొచ్చి ఇతరుల బాధలకు సలహాలు ఇవ్వకూడదు. ఇంటర్ ఫలితాల రోజుల్లో కుంగిపోయిన పిల్లవాణ్ణి అర్హత ఉన్న నిపుణుడి దగ్గరికే పంపాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు మనుషుల మీద ఆరోగ్యం కోసం జరిగే సామాజిక, ప్రవర్తన పరిశోధనలకూ వర్తిస్తాయి. చిన్నపిల్లలను ప్రశ్నలు అడగాలంటే తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సమ్మతీ కావాలి. తుఫానులో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కదిలించే ముందు, అలా కదిలించే హక్కు మనకుందా అని నైతిక కమిటీ తేల్చాలి. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు కనుక గోప్యత మా వంటి చోట మరింత కష్టం. కష్టం కాబట్టే దాన్ని ముందు నేర్పాలి.

ఇవి దృష్టిలో పెట్టుకుని మండలిని నేను కోరేవి ఆరు.

ఒకటి, ఇంటర్న్‌షిప్‌లలో సైకాలజీ పరిశోధనకు ప్రత్యేక విభాగం పెట్టండి. యూజీసీ 2024 మార్గదర్శకాలు ఉద్యోగ నైపుణ్యం కోసం చేసేది, పరిశోధన ఆసక్తి పెంచేది అని ఇంటర్న్‌షిప్‌లను రెండు రకాలుగా చెప్పాయి. రెండో రకానికి మనమూ చోటిద్దాం. మన విశ్వవిద్యాలయాల్లోని సైకాలజీ విభాగాలు వేసవికి ముందే ఎన్ని ఖాళీలున్నాయో, ఏం పనో తెలుగులో ప్రకటించాలి. దరఖాస్తూ తెలుగులో రాయనివ్వాలి. హైదరాబాద్, బెంగళూరు సంస్థలతో మండలే మాట్లాడితే మా పిల్లలు విడివిడిగా ప్రాధేయపడే అవసరం ఉండదు.

రెండు, బస, భోజనం చూడండి. వేసవిలో ఖాళీ అయ్యే హాస్టల్ గదులు ఇంటర్న్‌లకు ఇవ్వొచ్చు. ఆడపిల్లలకు ముందు ఇవ్వండి. చిన్నపాటి భృతి ఉంటే గుమస్తా కూతురూ కౌలు రైతు కొడుకూ రాగలుగుతారు.

మూడు, జిల్లాకు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక గదిని చిన్న ల్యాబుగా మార్చండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు, తలుపు వేస్తే నిశ్శబ్దంగా ఉండే గది చాలు. ప్రయోగాలు నడిపే సైకోపై, లెక్కలు కట్టే జాస్ప్ ఉచితంగా దొరుకుతాయి. ప్రతి గదికీ ఒక విశ్వవిద్యాలయ మార్గదర్శి ఉండాలి.

నాలుగు, డబ్బు తీసుకుని ఇచ్చే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లకు క్రెడిట్లు ఇవ్వొద్దు. విద్యార్థి రోజువారీ పుస్తకం, తన చేత్తో సేకరించిన వివరాలు, వాటి మీద ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు, వీటిని బట్టి మార్కులు వేయండి.

ఐదు, కాలేజీలన్నిటికీ కలిపి ప్రాంతాల వారీగా నైతిక కమిటీలు ఏర్పాటు చేయండి. నైతిక నియమాల్లో శిక్షణ పూర్తి కానిదే ఏ విద్యార్థీ ఏ ఇంటి తలుపూ తట్టకూడదు. సామాజిక సేవా ప్రాజెక్టుకూ ఇదే నియమం పెట్టండి.

ఆరు, ప్రతి వేసవి పరీక్షించి చూసిన తెలుగు ప్రశ్నావళులను, తెలుగు పిల్లల ప్రమాణాలను, పేర్లు తొలగించిన వివరాలను ఒకచోట భద్రపరచి అందరికీ అందుబాటులో ఉంచండి. పదేళ్లలో అది ఏ భారతీయ భాషకైనా ఆదర్శంగా నిలుస్తుంది.

దీనివల్ల ఉద్యోగాలు వస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అందరూ సైకాలజిస్టులు కారు, కానక్కర్లేదు. కానీ ఒక ప్రశ్నను తటస్థంగా అడగడం, వచ్చిన జవాబును తనకు నచ్చినట్టు మార్చకుండా రాయడం, అంకెల్లో తప్పు వెతకడం, తను అనుకున్నది తప్పని తేలితే ఒప్పుకోవడం నేర్చిన పిల్ల బడిలో టీచరైనా, ఆస్పత్రిలో నర్సయినా, సర్వే సంస్థలో చేరినా, మిల్లు లెక్కలు చూసినా ఆ ఊరికి లాభమే. ముఖ్యంగా టీచరు. తరగతిలో వెనకబడిన పిల్లవాణ్ణి చూసి మొద్దు అనేసే ముందు, వీడు ఎక్కడ ఆగాడో చూద్దాం అని ఆగే టీచరు మనకు వేల సంఖ్యలో కావాలి. డీఎస్సీ రాసే లక్షల మందిలో కొన్ని వేల మందైనా ఒక వేసవి ల్యాబులో గడిపి ఉంటే మన బడులు మారతాయని నా అనుభవంతో చెబుతున్నాను.

ఖర్చు ఎక్కువన్న మాట రావచ్చు. రసాయనశాల కట్టాలంటే గ్యాసు, సింకులు, ఆమ్లాలు, భద్రత కావాలి. సైకాలజీ ల్యాబుకు కావలసిన ముఖ్య సామగ్రి మనుషులు, ఓపిక, నిజాయితీ. మొదటి రెండూ మా ఊళ్లో పుష్కలంగా ఉన్నాయి. మూడోది శిక్షణతో వస్తుంది. ఆ శిక్షణకు మండలి ఒక్క వేసవి ప్రయత్నించి చూడాలి. ముందు రెండు మూడు జిల్లాల్లో మొదలుపెట్టి, లోపాలు దిద్దుకుని విస్తరించవచ్చు. ఈ పని మా వైపు నుంచి మొదలైతే, నాలాంటి రిటైరైన బీఎడ్, డిగ్రీ లెక్చరర్లం ప్రతిఫలం ఆశించకుండా వచ్చి పిల్లలకు తోడు నిలబడతాం. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

తెలుగువాళ్ల మనసు గురించి తెలుగువాళ్లు పోగుచేసిన జ్ఞానం మన దగ్గర చాలా తక్కువగా ఉంది. దాన్ని పోగుచేయగల చేతులు మన డిగ్రీ తరగతుల్లో ఖాళీగా ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే అధికారం మీ చేతిలో ఉంది. వచ్చే వేసవి ప్రకటన వెలువడేలోగా ఈ విషయాన్ని మండలి సమావేశంలో పెట్టి నిర్ణయం తీసుకోవాలని, ఆ నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించాలని మా ప్రాంతపు విద్యార్థుల తరఫున మిమ్మల్ని అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయ,
విద్యా మనోవిజ్ఞానశాస్త్రం బోధించి రిటైరైన ఒక లెక్చరర్,
మండపేట